ఇంకా పడుతున్న ఓదెలు

మేడ్చల్ దగ్గరి ఒక పార్సిళ్ల గోదాములో ఆషాఢం మొదటి సోమవారం నిచ్చెన మెట్టు విరిగి జారిన పనివాడు ఓదెలు, దసరా దగ్గరపడినా ఇంకా నేలకు చేరలేదు. ఇరవై అడుగుల ఎత్తు నుంచి, వెల్లకిలా, రోజుకు రెండంగుళాల చొప్పున పడుతూనే ఉన్నాడు.

అందువల్ల పనికేమీ అంతరాయం కలగలేదు. ఏ వారం ఏ అరకు ఎదురుగా ఉంటే ఆ అరలోని పార్సిళ్లకు చీటీలు అంటించేవాడు. భార్య స్వరూప అతని సెలవు కోసం దరఖాస్తు పెడితే సూపర్‌వైజర్ ఫణీందర్ మర్యాదగానే తిప్పి పంపాడు. ఫారంలో ‘దెబ్బ తగిలిన చోటు’ అనే గడి ఖాళీగా ఉంది.

“ఇంకా తగల్లేదు గదమ్మా. కిందికి రానీయ్, చూద్దాం.”

స్వరూప ప్రతి ఆదివారం వచ్చి, తలెత్తి మాట్లాడి వెళ్లేది. సద్దుల బతుకమ్మ నాడు అతని ముఖం ఆమె ముఖం ఎత్తుకు దిగింది. తంగేడు పుప్పొడి అంటిన చేతులతోనే అతని చెంపలు పట్టుకుంది. మూడు నెలల గడ్డం గుచ్చుకుంది.

“శానా సన్నబడ్డవయ్యా.”

“ఇంకొక్క నెలే,” అన్నాడు ఓదెలు. “ఇంటికొచ్చినంక నీ దిక్కు తిరిగి పండుకుంట. వీపుకు మంచం తగలక ఎన్నొద్దులాయె!”

ఆమె రెండు చేతులా చుట్టి కిందికి లాగింది. అతను తన రెండంగుళాలే దిగాడు.

నేల జానెడు దూరంలో ఉందనగా ఫణీందర్ కూలీలను పిలిపించాడు. గేటు దగ్గరి బోర్డు మీద ‘ప్రమాదం లేని రోజులు’ నాలుగు వందలు దాటాయి. ఓదెలు కింద, మనిషి పొడవున గచ్చు పగలగొట్టించి తవ్వించాడు.

“ఏంది సారూ ఇది? ఆయన్ను దిగనియ్యరా?”

“దిగితే దెబ్బ తగుల్తదమ్మా. మీ మంచికే.”

అప్పటినుంచి వారానికి అడుగున్నర తవ్వుతున్నారు. పార్సిళ్లు తాడుతో దించుతున్నారు. స్వరూప అంచున బోర్లా పడుకుని చెయ్యి చాపేది. మార్గశిరం దాకా వేళ్లు అందాయి. ఆ తర్వాత గొంతు మాత్రమే.

“తింటివా?” అని పైనుంచి అడిగేది.

“తిన్న. నువ్వు?” అని కాసేపటికి వినిపించేది.

డాడీ ఎక్కడున్నాడని బడిలో అడుగుతున్నారు, ఏం చెప్పాలంది కూతురు హరిణి.

“డ్యూటీల ఉన్నడని చెప్పు.”

టీచరు రిజిస్టరులో అలాగే రాసుకుంది. ఆ తరగతిలో అప్పటికే పదకొండు మంది పిల్లల పేర్ల ఎదుట అదే రాసి ఉంది.