కైరోలో ఎండకు ఎవరూ చనిపోరు

మా కైరోలో ఎండకు చనిపోయినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు! ఆగస్టులో చన్నీళ్ల కొళాయి తిప్పినా టీ కాచుకోవడానికి పనికొచ్చే నీళ్లు వస్తాయి, ఒప్పుకుంటాను. కానీ మనుషులు మాత్రం 'రక్తప్రసరణ హఠాత్తుగా పడిపోయి' పోతారు. డాక్టర్లందరూ ముక్తకంఠంతో చెబుతున్న మాట. ఎంత నాగరికమైన చావు!

ఇదంతా నగరం పెరిగినందువల్ల కలిగిన మేలేనని నా గట్టి నమ్మకం. వెనకటి రోజుల్లో ఏముండేది చెప్పండి? ట్రామ్ దారి పొడుగునా చెట్లు. ఆకులు రాల్చేవి. కాకులు కార్ల మీద రెట్టలు వేసేవి. ముసలివాళ్లు నీడన చేరి పాచికలాడుతూ తగువులు పడేవారు. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ చెట్లన్నీ కొట్టేశారు. కాకులు పోయాయి. ముసలివాళ్లు బుద్ధిగా ఇళ్లలో కూర్చున్నారు. ఇక ఉత్తరపు గాలి! సాయంత్రమైతే చెప్పాపెట్టకుండా ఇళ్లలోకి జొరబడేది. దానికి అడ్డంగా ఇళ్ల వ్యాపారి దహ్షాన్ గారు ఆకాశమంత టవర్ కట్టారు.

ఈ అభివృద్ధి ఫలాలను మా వీధిలో అందరికన్నా ముందు అందుకున్నది ఇన్షిరాహ్.

ఆమె భర్త బయూమీ ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. వాళ్ల బాల్కనీకి ఎదురుగానే టవర్ వెనక గోడ. ఆ గోడ నిండా ఏసీ డబ్బాలు. పగలంతా అవి టవర్ లోపలి వేడిని తోడి వీళ్లింట్లోకి పోస్తుంటాయి. ఉచితంగా!

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోగానే ఇన్షిరాహ్ మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. అక్కడి రాయి కాస్త చల్లగా ఉంటుంది.

"నువ్వూ రావయ్యా, ఇక్కడ నయంగా ఉంది" అని కేకేసింది.

"బనీనుతో మెట్ల మీద కూర్చోవాలా? వచ్చేపోయే ఆడవాళ్లు నవ్విపోతారు" అన్నాడు లోపలినుంచి.

"నీ అందం చూడటానికి ఎవరొస్తార్లే!" అంది ఆమె. ఆయన నవ్వడం వినిపించింది. ఇన్షిరాహ్ అక్కడే గోడకు చేరబడి కునుకు తీసింది.

కరెంటు వచ్చాక లోపలికి వెళ్లి చూస్తే ఆయన కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

చావును నమోదు చేయడానికి డాక్టరొచ్చాడు. "ఎండదెబ్బ అని రాయి నాయనా" అంది ఇన్షిరాహ్. "ఒళ్లు పొయ్యిలా ఉంది, నువ్వే చూడు."

"వయసు మీదపడింది హాజ్జా" అన్నాడు డాక్టరు, పెద్దావిడకిచ్చే మర్యాద ఇస్తూ. "రక్తప్రసరణ పడిపోయింది, అంతే. ఎండే అయితే ఇదే ఇంట్లో ఉన్న మీకేం కాలేదేం?"

ఎంత చక్కని తర్కం! మెట్ల మీద తను కునుకు తీసిన సంగతి ఇన్షిరాహ్ ఆ పరాయి మనిషికి ఎలా చెబుతుంది?

పరామర్శకు దహ్షాన్ కూడా వచ్చాడు. పెద్దమనిషి. "దైవనిర్ణయం హాజ్జా. నీకు ఏ అవసరమొచ్చినా నా తలుపు తెరిచే ఉంటుంది" అన్నాడు కళ్లు ఒత్తుకుంటూ.

ఇన్షిరాహ్ ఆ మాటను నమ్మింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం టవర్ కింద ఉన్న ఆయన షోరూమ్‌కి వెళ్లి సోఫాలో కూర్చుంది. ఎడారిలో కట్టబోయే విల్లాలను అమ్మే చోటది. గోడల నిండా చెట్ల బొమ్మలే! లోపల చలి వేసేంత చల్లగా ఉంటుంది. విల్లా కొనడానికొచ్చిందనుకుని గుమాస్తా మందార షర్బత్ ఇచ్చాడు. ఆమె తాగింది. సాయంత్రం దాకా కదల్లేదు. ఆ మర్నాడూ వచ్చింది.

దహ్షాన్ ఓపిక పట్టాడు. పట్టీ పట్టీ, చివరికి, "హాజ్జా, ఇది వ్యాపారం చేసుకునే చోటు. నీ ఇంట్లో ఏసీ పెట్టిస్తాను, కరెంటు బిల్లు కూడా నాదే. సంతోషమేనా?" అన్నాడు. అన్నమాట ప్రకారం పెట్టించాడు కూడా. ఇలాంటి దాతలు మీ ఊళ్లో ఉన్నారా?

మొదటిరోజు ఇన్షిరాహ్ హాయిగా నిద్రపోయింది. లేచి బాల్కనీలోకి వచ్చి చూస్తే, కింది ఇంటావిడ ఉమ్ వగ్దీ తన కిటికీకి తడి దుప్పటి కడుతోంది. కొత్త ఏసీ డబ్బా సరిగ్గా ఆ కిటికీ మీదే సెగ కక్కుతోంది. ఇన్షిరాహ్ గబగబా లోపలికి వెళ్లి ఏసీ కట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ కలిసి షోరూమ్‌కి వచ్చారు. దహ్షాన్‌కి ఒళ్లు మండింది.

"ఏసీ ఇచ్చానుగా! మళ్లీ ఎందుకొచ్చావ్?"

"ఇచ్చావు, నీ కడుపు చల్లగుండ. దాని వేడి ఈవిడకు తగులుతోంది. ఈవిడకూ ఒకటి పెట్టించు. దాని వేడి ఎవరికి తగులుతుందో చూసి, రేపు వాళ్లనూ తీసుకొస్తా."

లెక్క వేద్దామని నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఈ పద్ధతిలో ఊరందరికీ ఏసీలు వచ్చేస్తాయి. ఆఖరి డబ్బా ముందు నిలబడ్డవాడు మాత్రం రక్తప్రసరణ చూసుకోవాలి.

"నాటకాలాడుతున్నారా? ఎక్కడ ఆ వేడి? పదండి, చూపించండి!" అంటూ దహ్షాన్ లేచాడు.

ఉమ్ వగ్దీ ఇంట్లో అడుగుపెట్టిన కాసేపటికే ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. దుప్పటి పక్కకు లాగి కిటికీ తలుపులు బార్లా తెరిచాడు. ఎదురుగా ఆయన టవరే.

"ఏంటిది, ఇక్కడ గాలే ఆడటం లేదేం?" అన్నాడు రొప్పుతూ.

ఇన్షిరాహ్ ఆయనకొక కుర్చీ జరిపింది.

"కూర్చో నాయనా. పోయేరోజు పొద్దున మా ఆయన కూడా ఇదే మాట అడిగాడు."