ఇంట్లో ఉండుటకు శిక్షణ ఇవ్వబడును

అమీర్‌పేటలో నేర్పలేని విద్య ఈ భూమండలం మీద ఇంకా పుట్టలేదు. పొరపాటున ఎక్కడైనా పుట్టినా, దాని మొదటి బ్యాచ్ సోమవారం పొద్దున ఇక్కడే మొదలవుతుంది (ఆ విద్య ఏమిటో ఫ్యాకల్టీకి ఆదివారం సాయంత్రం తెలుస్తుంది). అందుకని జావా కోచింగుకీ శాప్ కోచింగుకీ మధ్య, ఒక జిరాక్సు దుకాణం పైన, ఒక ఆడపిల్లల హాస్టల్ కింద 'ఇంట్లో ఉండుటకు శిక్షణ ఇవ్వబడును' అన్న బోర్డు వెలసినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఫ్రీ డెమో ఎప్పుడని మాత్రం అడిగారు.

బోర్డు కింద చిన్న అక్షరాలలో వివరం ఉంది. ఏళ్ళ తరబడి విదేశాలలో ఉండి వచ్చినవారికి సొంత ఇంట్లో, సొంత వీధిలో, సొంత మనుషుల మధ్య మసలుకునే పద్ధతి నెలన్నరలో నేర్పబడును. డైరెక్టరు బుచ్చిబాబుది తణుకు. ఆయన విదేశీ అనుభవం బేగంపేట విమానాశ్రయం దాకా ఉంది (బావమరిదిని దింపడానికి వెళ్ళాడు, లోపలికి రానివ్వలేదు).

ఆ మెట్లెక్కినవారిలో మధురానగర్ అజ్మత్ అలీ ఒకడు. మస్కట్‌లో ఒక పెద్ద దుకాణంలో ఇరవై రెండేళ్ళు సరుకుల సూపర్‌వైజరుగా పనిచేశాడు. గడువు తీరిన డబ్బాలు ఏరి పారేయడం, తీరనివాటి పేర్లు జనానికి కనబడేలా ముందుకు తిప్పి పెట్టడం ఆయన ఉద్యోగం. అంత బాధ్యత మోసిన మనిషి ఇంటికొచ్చి ఊరికే కూర్చోగలడా? భార్య బతూల్ ఒక పెళ్ళికి వెళ్ళిన పూట వంటింటిని సంస్కరించాడు. ఉప్పును పప్పుల నుంచి వేరు చేశాడు. కారానికి కొత్త చిరునామా ఇచ్చాడు. పై అరలో గుడ్డ కట్టిన జాడీ ఒకటి కనబడింది. లోపల ఏదో నల్లగా ఉంది. తేదీ లేదు. ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు (తటపటాయించని గుణానికే మస్కట్‌లో ఒకసారి గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు).

అది నిమ్మకాయ అచార్. బతూల్ వాళ్ళమ్మ పోయేముందు పెట్టింది. ఏటేటా నల్లబడుతూ, నల్లబడేకొద్దీ విలువ పెరిగే సరుకు. ఇంట్లో ఎవరికి కడుపు నొచ్చినా వేలి కొసకింత నాకిస్తే సరిపోయేది.

బతూల్ అరవలేదు. ఖాళీ జాడీ కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని మామూలు గొంతుతో అడిగింది.

"మీ వీసా ఎప్పటి దాంక ఉన్నది జీ?"

ఇక్కడ వీసా నిబంధన చెప్పాలి. అజ్మత్ అలీ రాజీనామా చేసి రాలేదు. ఇంట్లో కుదురుకుంటే ఉండు, కుదరకపోతే వచ్చెయ్ అని యజమాని సెలవిచ్చి పంపాడు. ఆరు నెలలు దాటితే ఆ వీసా చచ్చిపోతుంది. నాలుగు అప్పటికే అయిపోయాయి. ఆయన ముందు రెండే దారులున్నాయి: బతూల్‌తో కలిసి ఆ ఇంట్లో ఉండడం నేర్చుకోవడం, లేదా మళ్ళీ డబ్బాలు తిప్పుకోవడం. డబ్బాలు తిప్పే వయసు అయిపోయిందని ఆయన మోకాళ్ళు చెబుతున్నాయి. మర్నాడే ఫీజు కట్టాడు.

"మీ అందరికీ ఉన్న జబ్బు ఒక్కటేనండీ," అన్నాడు బుచ్చిబాబు మొదటి క్లాసులో. "మీరు చోటు వదుల్తారు. క్యూలో ముందు మనిషికీ మీకూ మధ్య జానెడు ఖాళీ ఉందనుకోండి, ఇక్కడ దాన్ని మర్యాద అనరు. ఆహ్వానం అంటారు."

ప్రాక్టికల్స్‌కు పంజాగుట్ట చౌరస్తాకు తీసుకెళ్ళాడు. అజ్మత్ అలీ పక్కన ధర్మయ్య నిలబడ్డాడు. ఆయన సిరిసిల్ల వాడు. షార్జాలో కుట్టుపని చేసి, అద్దాల బిల్డింగుల మధ్య ముసలివాడై వచ్చాడు.

"భాయ్, మనకు పచ్చ లైటు ఎప్పుడొస్తది?" అన్నాడు ధర్మయ్య.

"ఎవరికి?"

"నడిచేటోళ్ళకు."

ఆగి ఉన్న ఆటోవాలా తల బయటపెట్టాడు. "ఏం కాకా, గంట నుంచి అట్ల చూస్తున్నరు? రోడ్డు కొంటరా?"

చెయ్యెత్తాలి, డ్రైవరు మొహం మాత్రం చూడకూడదు, చూస్తే మనకు ప్రాణం మీద తీపి ఉందని వాడికి తెలిసిపోతుంది అని బుచ్చిబాబు బోధించాడు. ఇద్దరూ కళ్ళు మూసుకుని దాటారు. అవతలి ఒడ్డున ధర్మయ్య కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు (పొగ వల్ల అని నమోదైంది).

రోడ్డు, క్యూ, 'ఐదు నిమిషాలల్ల వస్తున్న' అన్న మాటకు అసలు అర్థం, ఈ పేపర్లన్నీ అజ్మత్ అలీ గట్టెక్కాడు. తప్పింది ఒకే ఒక్కటి: 'గృహం, రెండవ భాగం.' దాని పద్నాలుగో నిబంధన ఇలా ఉంది: 'ఇంట్లోని ప్రతి వస్తువూ దాని స్థానంలోనే ఉన్నది. స్థానం తెలియనిది తమరికి మాత్రమే.'

పరీక్ష కోసం ప్లైవుడ్‌తో ఒక వంటిల్లు కట్టారు. అరలో ఒక టీ పొడి డబ్బా వెనక్కి తిరిగి ఉంటుంది. అభ్యర్థి పక్కన కుర్చీలో కూర్చుని, దాన్ని ముట్టకుండా ఒక కప్పు చాయ్ తాగాలి. అంతే. అజ్మత్ అలీ చాయ్ సగం కూడా తాగకముందే లేచి నిలబడ్డాడు.

"చేతులు తొడల కింద పెట్టుకోరాదు భాయ్?" అన్నాడు ధర్మయ్య.

"పెట్టిన అన్నా. ఇప్పుడు కాలు పోతున్నది దాని దిక్కు."

మళ్ళీ రాశాడు. మళ్ళీ పోయింది. ఇక ప్రత్యేక తర్ఫీదు కోసం సాయంత్రాలు కూడా ఉండమన్నారు. అలా ఉన్న ఒక సాయంత్రం కరెంటు పోయింది. డబ్బా కనబడక ప్రాణం హాయిగా ఉన్న సమయంలో పై గది నుంచి ఆడవాళ్ళ బ్యాచ్ కిందికి దిగింది. ఒకావిడ గోడ పట్టుకుని మెట్లు దిగుతూ దగ్గింది. ఆ దగ్గు ఆయన ఫోన్లో ఇరవై రెండేళ్ళు విన్నాడు.

"బతూల్? నువ్విక్కడ ఏం చేస్తున్నవ్?"

"మీకంటె ముందు చేరిన జీ. మీరొచ్చిన నెలకే."

"ఎందుకు?"

బతూల్ మెట్టు మీద కూర్చుంది. "ఇరవై రెండేండ్లు ఒక్కదాన్నే నడిపిన ఆ ఇల్లు. ఇప్పుడు హాల్ల ఒక మనిషి కూసొని, యాడికి పోతున్నవ్, ఎప్పుడొస్తవ్ అంటడు. జవాబు చెప్పుడు అలవాటు తప్పింది."

"పాసైనవా?"

"రెండుసార్లు ఫెయిల్."

"ఏ దాంట్ల?"

"లోపల మొగుడు ఉండంగ బయట తాళమెయ్యకుండుట."

అజ్మత్ అలీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "అంటే జాడీ ఖాళీ చేసిన వారంల నన్ను లోపల పెట్టి నువ్వు తాళమేసి పోయింది... అచార్ పారేసినందుకు కాదా?"

"యాదిమర్సి ఏసిన జీ. మీరున్నరని యాదిల లేదు." ఆమె కొంగు సర్దుకుంది. "ఒకసారి మాత్రం యాదుండే ఏసిన."

ఆయన నవ్వాడు. ఆమెకూ నవ్వాగలేదు. కింద వీధిలోని చాయ్ బండి నుంచి రెండు చాయ్‌లు పైకి తెప్పించుకున్నారు. కిటికీలోంచి ఇంత గాలి వచ్చింది. హాస్టల్లో పిల్లలు కరెంటు శాఖను తిడుతున్నారు. అమ్మ ఆ నిమ్మకాయలు ఎట్లా కోసేదో బతూల్ చెప్పింది. ఆయన మధ్యలో సలహా ఇవ్వలేదు.

"మాఫ్ చెయ్," అన్నాడు చివరికి.

"అచార్ మళ్ళ పెట్టుకోవచ్చు. నల్లబడనీకె మస్తు ఏండ్లు పడుతది, అంతే." గ్లాసు కింద పెట్టింది. "గంత దాంక ఉంటరా మరి? వీసా సంగతేంది?"

అజ్మత్ అలీ వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. "అది మొన్ననే పోయింది."

"చెప్పనే లేదు!"

"నాకు సుత ఇప్పుడే యాదికొచ్చింది."

మర్నాడు బుచ్చిబాబు దంపతులిద్దరినీ పిలిపించి ఫలితాలు ప్రకటించాడు. ఇద్దరూ తప్పారు. "బెంగ పడకండి అజ్మత్ గారూ," అన్నాడు. "ఈ పేటలో ఒక ఆచారం ఉంది. పాసైనవాళ్ళు ఉద్యోగాలకు వెళ్తారు. పాస్ కానివాళ్ళు ఫ్యాకల్టీ అవుతారు." పొద్దున్నించి సాయంత్రం దాకా మగవాళ్ళ బ్యాచ్‌లు అజ్మత్ అలీకి, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఆడవాళ్ళ బ్యాచ్‌లు బతూల్‌కు అప్పగించాడు. ఇంట్లో ఎలా ఉండాలో ఇప్పుడు ఇద్దరూ బ్రహ్మాండంగా చెబుతారని, ముఖ్యంగా ఉదాహరణలు చాలా సహజంగా ఉంటాయని విద్యార్థుల అభిప్రాయం. ఒక బ్యాచ్ ముగిసి మరొకటి మొదలయ్యే లోపు దొరికే అరగంట ఇద్దరూ ఆ మెట్ల మీదే చాయ్ తాగుతారు. ఆ అరగంటలో వాళ్ళ మధ్య ఇంతవరకూ చిన్న మాట కూడా తేడా రాలేదు.

ఇన్‌స్టిట్యూట్‌కు ఆదివారం సెలవు. మొదటి ఆదివారం పొద్దున పది కాకముందే బుచ్చిబాబుకు మధురానగర్‌లోని ఒకే ఇంటి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి, ఒకటి హాల్లోని ల్యాండ్‌లైన్ నుంచి, ఒకటి డాబా మీది సెల్లు నుంచి. ఆదివారం కూడా ఒక బ్యాచ్ పెట్టొచ్చు కదా అని ఇద్దరూ గొంతు తగ్గించి అడిగారు.