బోట్స్‌వానాకు ఒకే దిండు

ఆ ఉదయం పరుపుల వ్యాపారి కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక డబుల్ పరుపు, ఒక సింగిల్ పరుపు, కొన్ని దిండ్లు ఆటో ట్రాలీలో కాలేజీకి తీసుకెళ్ళాలి. నైజీరియా, బోట్స్‌వానాల జనాభాను, ఆర్థిక వ్యవస్థలను పోల్చి పాఠం చెప్పాలి. అది విని ప్రిన్సిపాల్ గారు ఉద్యోగం ఇవ్వాలి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఉద్యోగం రాకపోతే దుకాణంలో గల్లాపెట్టె వెనక కూర్చోవాలి. తండ్రి ఆ కుర్చీకి కొత్త మెత్త కూడా కుట్టించి ఉంచాడు.

కిటికీలోంచి పడుతున్న ఎండలో దూది నలకలు తేలుతున్నాయి. ఆ దుకాణంలో ఎవరెంత గట్టిగా మాట్లాడినా మాట మెత్తబడే బయటికి వస్తుంది.

“సింగిల్ పరుపు మధ్యాహ్నానికల్లా వెనక్కి రావాలమ్మలూ, బేరం కుదిరింది” అన్నాడు తండ్రి. “ఇంతకీ పరుపుల మీద పాఠమేంటి? బోర్డు లేదా వాళ్ళకి?”

“బోర్డు మీద అంకెలు రాస్తే పిల్లలు నిద్రపోతారు నాన్నా.”

పరుపులు వేస్తే నిద్రపోరు కాబోలు అనుకుని తండ్రి ట్రాలీకి తాడు కట్టాడు.

క్లాసులో ఆమె పరుపులు పరిచింది. నైజీరియా విస్తీర్ణం ఒకటిన్నర రెట్లు కాబట్టి దానికి డబుల్ పరుపు. దిండ్లంటే ఆర్థిక వ్యవస్థ. నైజీరియాది పది రెట్లకు తక్కువ కాదు కాబట్టి దానికి పది దిండ్లు, బోట్స్‌వానాకు ఒకటి. జనాభా మాత్రం దాదాపు తొంభై రెట్లు. తొంభై మంది లేరు కనుక క్లాసులో ఉన్నవాళ్ళందరినీ నైజీరియా ఎక్కమంది. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కారు, మిగతావాళ్ళు అంచు పట్టుకుని కూర్చున్నారు.

బోట్స్‌వానాకు ఒక్కరు కావాలి. అందరి ఎదుటా ఒంటరిగా కూర్చోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. వెనక బెంచీ మీద మార్కులు వేయడానికి కూర్చున్న ప్రిన్సిపాల్ గారు, “నేను కూర్చుంటాలేమ్మా, నువ్వు కానివ్వు” అని చెప్పులు విడిచారు.

ఆమె పాఠం అందుకుంది. బోట్స్‌వానాకు దిండు ఒక్కటే అయినా పెట్టుకునే తలా ఒక్కటే. నైజీరియాలో ఒక్కో దిండుకు తొమ్మిది తలలు. అయితే బోట్స్‌వానా దిండులో కూరినది చాలావరకు వజ్రాలే. వాటి ధర పడిపోతే దిండు అణిగిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి అంటూ ఆమె తిరిగి చూసేసరికి బోట్స్‌వానా వెల్లకిలా పడి నిద్రపోతోంది. ఇంట్లో మనవడు పుట్టినప్పటి నుంచీ ఆయన కంటికి కునుకు లేదన్న సంగతి పాపం ఆమెకు తెలియదు.

లేపితే ఆయనకు కోపం వస్తుందేమో. పాఠం ఆపితే ఉద్యోగం పోతుందేమో. ఆమె గొంతు తగ్గించి చెప్పుకుంటూ పోయింది.

గంట కొట్టబోతూ అటెండరు తలుపులోంచి తొంగిచూశాడు. ప్రిన్సిపాల్ గారి కళ్ళు మూసి ఉన్నాయి, పిల్లలు కిక్కురుమనడం లేదు. ఇదేదో ధ్యానం క్లాసనుకుని, గంట కొట్టకుండా ఆఫీసుకెళ్ళి గుసగుసగా చెప్పాడు. ఆ మాట ఆఫీసు నుంచి పక్క క్లాసుకు చేరేసరికి, ధ్యానం కాలేజీ మొత్తానికి పెట్టారనీ రానివాళ్ళకు మెమో తప్పదనీ అయింది. ఇక చెప్పులు చేతబట్టుకుని, మునివేళ్ళ మీద, ఒక్కొక్కరే వచ్చి నైజీరియాలో సర్దుకుని కళ్ళు మూసుకోసాగారు. జనాభా పెరుగుతోంది. దిండ్లు పదే.

గంట మోగదు, పాఠం ముగియదు. ఆమె నైజీరియా చమురు గురించి చెప్పింది. సముద్రాన్ని చేరకుండా బోట్స్‌వానా ఇసుకల్లోనే పరుచుకుని ఇంకిపోయే ఒకావాంగో నది గురించి చెప్పింది. ఫ్యాను గాలికి దూది నలకలు మెల్లగా లేస్తున్నాయి. కాలేజీ అంతా కలిసి ఒకే ఊపిరి తీస్తున్నట్టుంది. తాను చెబుతున్నదో కలగంటున్నదో ఆమెకే తెలియడం లేదు.

మధ్యాహ్నం కాగానే పరుపు కోసం తండ్రి వచ్చాడు. అంతమంది అంత హాయిగా ఉండడం చూసి సరుకు మీద గర్వపడ్డాడు. పడుకున్న పెద్దమనిషి ఎవరో ఆయనకు తెలియదు. ముందు దిండు తీసి ఆపైన పరుపు చుట్టడం ఆయన వాడుక. దిండు మెల్లగా లాగాడు.

తల పరుపు మీద పడి ప్రిన్సిపాల్ గారు కళ్ళు తెరిచారు. “ఏమైంది?”

పాఠం ధోరణిలో ఉన్న ఆమె నోటి నుంచి జవాబు దానంతటదే వచ్చింది. “వజ్రాల ధర పడిపోయింది సార్.”

ఆయన మెడ నిమురుకుంటూ తండ్రి చేతిలోని దిండును చాలాసేపు చూశారు. ఆమె కళ్ళ ముందు గల్లాపెట్టె, దాని వెనక కొత్త మెత్త కదిలాయి.

“మరి మీ నైజీరియా సంగతేంటి?” అని ఆయన పిల్లలను అడిగారు.

అంచు మీద నలుగుతున్న అమ్మాయి చెప్పింది. “మాకు పది దిండ్లున్నాయట సార్. నా దాకా ఒక్కటీ రాలేదు.”

ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. “పాతికేళ్ళుగా చెప్తున్నాను ఈ పాఠం. మెడ దాకా ఎప్పుడూ రాలేదు. రేపట్నుంచి వచ్చెయ్యమ్మా.”

తండ్రికి సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. “మా దుకాణంలో మనిషి నిద్రపోతే బేరం ఖాయమైనట్టేనండి” అన్నాడు. “మీ దగ్గరా అంతేనన్నమాట.”

కూతురికి ఉద్యోగం కుదిరింది గానీ తండ్రి ఒప్పుకున్న బేరం తప్పిపోయింది. ఆ సాయంత్రం బోట్స్‌వానా, దిండుతో సహా, ప్రిన్సిపాల్ గారింటికి వెళ్ళిపోయింది.