అర్ధాంగీకారం

బస్టాండు మైకులో ఏడేళ్ళుగా బస్సులన్నిటికీ దారి చెబుతున్నా, మైకయ్య ఉద్యోగం మాత్రం ఇంకా టెంపరరీయే. ఇవాళ పదకొండింటికి గొంతు పరీక్ష. నెగ్గితే ఖాయం, లేకపోతే ఇంటికే. తీరా చూస్తే రెండు రోజుల నుంచీ గొంతే లేదు.

ఐసునీళ్ళు తాగొద్దని భార్య మొత్తుకుంది. సంగతి తెలిస్తే ‘నే చెప్పలా?’ అంటుంది. ఆ మాట పడలేక అలిగినట్టు నటించాడు. అలిగినవాడు మాట్లాడక్కర్లేదు కదా!

"కాఫీ తాగుతారా?"

మైకయ్య గోడవైపు తిరిగాడు.

"ఇంకా అలకేనా! ఎందుకో చెబితే నేనూ అలుగుతాగా."

తొమ్మిదయింది. గుటక మింగితే ముళ్ళు. ఆవిడ స్నానానికి వెళ్ళగానే అలమారా తెరిచాడు. సీసాల మీద పొట్టి అక్షరాలు రాయడం ఆవిడ అలవాటు. ‘జీ’ అంటే జీలకర్ర, ‘మె’ అంటే మెంతులు. ఎర్రటి నీళ్ళ సీసా ఒకదాని మీద ‘గొం. మందు, బాగా పట్టించాలి’ అని ఉంది. గొంతు మందు! గుడ్డ తడిపి మెడకు చుట్టి, పైన మఫ్లరు బిగించాడు.

రెండు నిమిషాలు హాయిగానే ఉంది. మూడో నిమిషంలో మెడ భగ్గుమంది. కేక వేద్దామంటే అలక, అలక మానేద్దామంటే గొంతు లేదు. వంటింటికీ వరండాకీ మధ్య గంతులేశాడు.

భార్య పరుగున వచ్చి మఫ్లరు లాగేసింది. మెడంతా దద్దుర్లు.

"అయ్యో, నా ఖర్మ! గొం అంటే గొంగళిపురుగండీ! మొక్కలకు కొట్టే మిరపకాయ నీళ్ళవి!"

వీధి చివర డాక్టరమ్మ టార్చి వేసి నోట్లోకి చూసింది. "ఐసునీళ్ళ పాపం కాదు. ఆ మైకులో ఇంకెవరైనా దగ్గుతున్నారా?"

మైకయ్య తలూపాడు. రెండో షిఫ్టువాడు!

"వాడి జలుబే అంటుకుంది. యాంటీబయాటిక్ అక్కర్లేదు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. జ్వరం పెరిగినా, మింగుడుపడకపోయినా మళ్ళీ రండి. మెడ సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేయండి, గోకొద్దు. నాలుగు రోజులు ఒక్క మాటా మాట్లాడకూడదు."

గడియారంలో పదీ ముప్పావు. మైకయ్యకు ఏడుపొచ్చింది. ఏడేళ్ళ కష్టం గంగలో కలిసింది.

"ఊరుకోండి. నిన్ననే మీ పై ఆఫీసరుకు ఫోన్ చేశా. పరీక్ష వచ్చే సోమవారానికి మార్చారు," అంది భార్య.

నీకెలా తెలుసన్నట్టు చేతులు తిప్పాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో, కోపమొచ్చి మీరు నోరు మూసుకున్నదెప్పుడండీ?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది.

"అన్నట్టు, మా అమ్మ రేపొస్తోంది. రెండు నెలలుంటుంది. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయండి."

మైకయ్య నోరు తెరిచాడు. డాక్టరమ్మ పెదవి మీద వేలు పెట్టింది. మూసేశాడు.

"మౌనం అర్ధాంగీకారమన్నారు," అంది భార్య లేస్తూ.

నిజమేననుకున్నాడు మైకయ్య, మెడ తడుముకుంటూ. మౌనం తనది. అర్ధాంగిది కారం.