బూడిద గుడ్లగూబలో పెట్టుబడి

ఆ శనివారం పొద్దున లెక్కల మాష్టారు పెట్టుకున్న పని ఒక్కటే, జుట్టు కత్తిరించుకోవడం. రిటైరయ్యాక పూటకో పని చాలని ఆయన నియమం. చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. ఆమె పళ్ళ డాక్టరు. ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతోంది.

"రెక్కల ఏనుగు జోలికి పోకండి. వచ్చే నెల నిషేధిస్తారట, ఇక దాన్ని ఎవరూ ముట్టరు. బూడిద గుడ్లగూబలు నాలుగుంటే చాలు. కొత్తవాళ్ళు దేంట్లో పెట్టుబడి పెట్టాలో నాలుగింటికి మార్కెట్ వెనక కొట్లో నేనే చెప్తాగా!"

మాష్టారు ఒంటికాలి చెప్పుతో నిలబడిపోయారు. పళ్ళు పీకే పిల్లకి షేర్ల గుట్టు ఎలా తెలిసింది? అడుగుదామంటే మొహమాటం. ఊరందరి పిల్లలకీ చక్రవడ్డీ నేర్పిన మనిషి, తన పొదుపు మాత్రం బీరువాలో మగ్గుతోందని కోడలి ముందు ఎలా ఒప్పుకుంటాడు?

సెలూన్ కుర్చీలో కూర్చున్నాక మాత్రం నోరు ఊరుకోలేదు. "షేర్లలో ఏనుగు వద్దట. గుడ్లగూబట. మిగతాది నాలుగింటికి మార్కెట్ వెనక కొట్లో చెప్తారట," అన్నారు గుసగుసగా.

సెలూనాయన కత్తెర ఆగింది. "గుడ్లగూబ అంటే ఏం కంపెనీ మాష్టారూ? పరుపులా?"

"కాపలా కెమెరాలయ్యుంటాయి," అన్నారు మాష్టారు, తనకే నమ్మకం లేకుండా.

సెలూనాయన చెవిన పడితే చాటింపు వేసినట్టే. పక్క కుర్చీలో మొహం నిండా సబ్బుతో ఉన్న పంపుల ఇంజనీరు విననట్టే విని, సబ్బు తుడుచుకుంటూనే నలుగురికి ఫోన్లు చేశాడు. నాలుగయ్యేసరికి మార్కెట్ వెనక కొట్టు ముందు పదకొండు మంది పెద్దమనుషులు, చెక్కు పుస్తకాలు జేబుల్లో పెట్టుకుని తయారు.

లోపల పొడవాటి బల్లలు, వాటికి అటూ ఇటూ జనం, అందరి చేతుల్లో రంగురంగుల బొమ్మల కార్డులు. కొట్టు యజమానురాలు ఎదురొచ్చి, "కొత్తవాళ్ళా? ఇక్కడ సంతకాలు పెట్టండి. మీకు నిప్పా, నీరా?" అంది.

"నీరే. ముప్ఫై రెండేళ్ళ సర్వీసు," అన్నాడు ఇంజనీరు.

అందరి చేతుల్లో తలో కార్డుల కట్టా పెట్టి బల్లల దగ్గర కూర్చోబెట్టింది. మాష్టారికి ఎదురుగా యూనిఫాంలో ఒక నర్సు.

"మీ ప్రాణం ఇరవై అండీ," అందామె మెత్తగా.

మాష్టారు కంగారులో చేతికందిన కార్డు బల్ల మీద పడేశారు. "ఇరవై ఏమిటమ్మా? రోజులా?"

ఆమె నవ్వి ఏదో కార్డు వేసింది. "మీ గుడ్లగూబ పోయింది. శ్మశానంలో పెట్టేయండి."

"అప్పుడే మునిగిందా!" అంటూ మాష్టారు లేచి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే కోడలు లోపలికొచ్చింది. "మామయ్యా! మీరేంటి ఇక్కడ?"

"జుట్టు కత్తిరించుకుందామని బయల్దేరానమ్మా," అన్నారాయన నిజాయితీగా.

ఆమెకేమీ అర్థం కాలేదు. ప్రసంగానికి వేళైందని స్టూలెక్కింది. "కొత్తవాళ్ళు ఈ ఆటలో డబ్బు పెట్టకండి. ఆర్నెల్లు అరువు కట్టతోనే ఆడండి. పెట్టాల్సింది మీ శనివారాలు. ఓడిపోయాక, నేనెక్కడ తప్పు చేశానని ఎదుటివాళ్ళని అడిగే మనసు. అంతే."

ఆట! పది తలలు మాష్టారి వైపు తిరిగాయి. ఇక రేపట్నుంచి వీధిలో తలెత్తుకోలేననుకుని ఆయన గుమ్మం వైపు జరిగారు.

"ఎక్కడికి మాష్టారూ?" అన్నాడు సెలూనాయన కార్డుల మీంచి కళ్ళు తిప్పకుండా. "నా గుడ్లగూబ ఇంకా బతికే ఉంది. కాస్త ఆగండి."

ఇంజనీరు కూడా కదల్లేదు. ఎవరూ కదల్లేదు. గత్యంతరం లేక మాష్టారూ మళ్ళీ కూర్చున్నారు. అయిదు ఆటలాడి అయిదూ ఓడిపోయారు. ఓడిన ప్రతిసారీ, "ఇంతకీ నేనేం చేశానమ్మా?" అని అయోమయంగా అడిగారు. ఎదుటివాళ్ళు ఓపిగ్గా చెప్పారు. ఆయనకి ఎక్కలేదు గానీ, ఆయన చుట్టూ చేరిన పది మందికీ ఆట వచ్చేసింది.

కొట్టు మూసేముందు యజమానురాలు చప్పట్లు కొట్టింది. "కొత్తవాళ్ళు అడగడానికి సిగ్గుపడేవన్నీ ఈయన అడిగేశారు. ఇకనుంచి వాళ్ళ బాధ్యత ఈయనదే. సరేనా మాష్టారూ?"

ఆయన సరేనన్నారు. దేనికి సరేనన్నారో ఇంటికెళ్ళాక కోడల్ని అడిగి తెలుసుకున్నారు.