చీమకాలంత అక్షరాలు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర తుమ్మితే ఆ చివర వారం తర్వాత "చిరంజీవ" అనేవారు, చెంగయ్య అనే నక్క దగ్గు లేహ్యం అమ్మేవాడు.

డబ్బా లేబుల్ మీద చెంగయ్య పేరు ఏనుగు చెవంత. ఎంత తినాలో రాసింది మాత్రం చీమకాలంత. ఆ అక్షరాలు ఎక్కడ పాకిపోతాయోనని కొన్నవాళ్లు కాసేపు కాపలా కాసేవారు.

ఎలుగుబంటి అంకమ్మ మనవరాలికి దగ్గు పట్టుకుంది. ఆ పిల్ల దగ్గితే కాయలు కాదు, చెట్లే రాలేవి. అంకమ్మ లేబుల్‌ని ముక్కుకి ఆనించి చూసింది, ఎండకి పెట్టి చూసింది, కొమ్మకి తలకిందులుగా వేలాడి చూసింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తక్కువ పెడితే దగ్గు తగ్గదు, ఎక్కువ పెడితే పిల్లకేమవుతుందో. నేరుగా సింహంగారి కొలువుకెళ్లి మొరపెట్టుకుంది.

కొలువు వెంటనే అక్షరాల కమిటీ వేసింది. అడవి మొత్తంలో మంచి కళ్లెవరివా అని వెతికి, డేగదొరని అధ్యక్షుణ్ణి చేసింది. ఆయన కొండకొమ్మున కూర్చుని, లోయలో పెట్టిన డబ్బాని తనలో తనే గడగడా చదివేసుకుని, అక్షరాలు ఇంకా చిన్నవైనా పరవాలేదని ముద్ర వేశాడు.

"దొరా, మీకు కనపడితే మాకేం లాభం? దగ్గేది మీరు కాదుగా" అంది అంకమ్మ.

కనపడలేదన్నవాళ్లు కమిటీని అవమానించినట్టేనని కొలువు తీర్మానించింది. దాంతో గబ్బిలం కూడా అక్షరం భలే పొందిగ్గా ఉందని మెచ్చుకోవడం మొదలుపెట్టింది. చెంగయ్య పండగ చేసుకుని, అక్షరాల్ని నల్లికాలంత చేశాడు.

ఇంతలో సింహంగారికే దగ్గొచ్చింది. డబ్బా తెచ్చారు. కనపడలేదని రాజెలా అంటారు? పెదాలు కదిపి, చదివినట్టు తలాడించి, డబ్బా అడుగుదాకా నాకేశారు.

తెల్లారేసరికి జూలు మొత్తం గడ్డిపరుపు మీద పడుంది. తల తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. పొద్దుతిరుగుడు పూలన్నీ సూర్యుణ్ణి వదిలేసి అటు తిరిగాయి.

కొలువులో ఎవరూ నవ్వలేదు. బుగ్గలు ఉబ్బించుకుని నేల చూపులు చూస్తున్నారు. అంకమ్మ ముందుకొచ్చింది.

"మహారాజా, తమరు చదివే తిన్నారు కదా. పిల్లకెంత పెట్టమంటారు?"

రాజు గొంతు సవరించుకుని, చదవమని చెంగయ్యకి సైగ చేశారు. చెంగయ్య డబ్బాని దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు. తను రాసింది తనకే కనపడలేదు. చివరికి డేగదొరే పైనుంచి చదివాడు. రోజుకి చిటికెడు, మించితే ఒంటి మీద వెంట్రుక మిగలదు.

"అది చదివే తిన్నాను. ఉక్కగా ఉండి" అన్నారు రాజు. "పాపం చెంగయ్యకీ ఉక్కగానే ఉన్నట్టుంది. ఓ డబ్బా తినిపించండి."

మధ్యాహ్నానికి చెంగయ్య వంకాయలా నున్నబడ్డాడు. ఆ వీపు మీద గుమ్మడికాయంత అక్షరాలతో 'చిటికెడే' అని బొగ్గుతో రాసి, అడవంతా తిప్పారు. అంకమ్మ చిటికెడే పెట్టింది. పిల్ల దగ్గు మానేసి, తేనెపట్టు కావాలని మారాం మొదలుపెట్టింది.

నీతి ఏమిటంటారా, చిన్న అక్షరం పెద్దదవ్వాలంటే ముందు ఓ పెద్ద తల గుండవ్వాలి.