ముల్డూన్ అమ్మగారు చూడకూడని ఆట

శనివారం పొద్దున ఎడ్నా ముల్డూన్ రెండు గుడ్డు శాండ్‌విచ్‌లు కాగితంలో చుట్టుకుని, నీలం టోపీ పెట్టుకుని హుషారుగా బయల్దేరింది. నది ఒడ్డున ఉన్న సైనిక అకాడమీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు కుట్టడం ఆమె ఉద్యోగం. కుట్టుగది స్టేడియం మెట్ల కిందే. నెత్తిమీద పాతికవేలమంది అరుస్తుంటే ఆమె కింద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకునేది. పంతొమ్మిదేళ్లుగా చిరుగులు చూసి ఎవడు ఎలా పడ్డాడో ఊహించుకోవడమే తప్ప, ఒక్క ఆటా కళ్లారా చూడలేదు. ఈ ఏడు మొదటి ఆటకు సెలవూ టికెట్టూ రెండూ దొరికాయి.

గేటు దగ్గరే లైల్ హోబార్ట్ ఎదురొచ్చాడు. బంతి పట్టుకుని జనాన్ని గుద్దుకుంటూ దూసుకుపోవడం జట్టులో అతని పని.

"అమ్మగారూ, కొంప మునిగింది! వంగితే ప్యాంటు చిరిగింది."

"ఎక్కడ?"

"ఎక్కడంటే... కూర్చునే చోట."

"రా నాయనా, రెండు నిమిషాల పని."

కుట్టుగదిలో రెండు నిమిషాల్లోనే అయింది. లైల్ ప్యాంటు ఎక్కించుకుని, తలుపు ధడాలున లాగేసి పరుగెత్తాడు. ఆ తలుపుకు లోపలి పిడి ఊడి ఏడాదైంది. ఎడ్నా బాదింది, కేకలేసింది. బ్యాండు మోతలో ఆమె గొంతు ఏపాటి? సాయంత్రం లైలే వచ్చి తలుపు తీశాడు. అకాడమీకి నలభై ఒకటి, ఎదుటివాళ్లకు సున్నా.

మరుసటి శనివారం ఆమె ఎవరి కంటా పడకుండా పెందలాడే వెళ్లి మూడో వరుసలో కూర్చుంది. ఆట మొదలవగానే ముందువాళ్లంతా లేచి నిలబడ్డారు. పొట్టి మనిషి, ఎంత మెడ సాచినా వీపులే కనిపించాయి. ఆ వీపుల అవతల అకాడమీ పధ్నాలుగు పాయింట్లు వెనకబడింది. ఉన్నట్టుండి కోచ్ గార్విన్ స్ట్రాట్ వరుసల ముందున్న కమ్మీల దగ్గరికొచ్చి టోపీ తీశాడు. పోయినవారం ఆమె కింద ఇరుక్కుపోతే జట్టు గెలిచిన సంగతి లైల్ ఆయన చెవిన వేశాడు మరి.

"అమ్మగారూ, తప్పుగా అనుకోకండి. ఒక్కసారి కిందికి వెళ్లి కూర్చుంటారా?"

"ఎందుకు బాబూ?"

"గెలవాలి కదండీ."

ఆమె వెళ్లింది. వాళ్లు గెలిచారు. అంతే, ఆమె పని అయిపోయింది.

మూడోవారం తాళంచెవి కోచ్ జేబులోకి చేరింది. అయిదోవారం ఆమె గదిలోకి వెళ్తుంటే కేడెట్లంతా లేచి సెల్యూట్ కొట్టారు. ఆపిల్ పైలు వచ్చాయి, చామంతులు వచ్చాయి. ఎవరో జాలిపడి రేడియో తెచ్చిస్తే, "వినడం కూడా ప్రమాదమే," అని కోచ్ పట్టుకుపోయాడు. ఎనిమిది ఆటలు, ఎనిమిది గెలుపులు. పత్రికలు కోచ్ వ్యూహాన్ని ఆకాశానికెత్తాయి. కింద ఎడ్నా పైకప్పు నుంచి రాలే సున్నం చూసి, బంతి గీత దాటిన టచ్‌డౌన్లు లెక్కపెట్టుకుంది. అరుపు ఆగిపోయిన ప్రతిసారీ ఎవడు పడ్డాడోనని, వాడు లేచాడో లేదోనని, గోడకు చెవి ఆనించి నిలబడేది.

ఆఖరి ఆట నౌకా అకాడమీతో, ఫిలడెల్ఫియాలో.

"అంత దూరం నేనెందుకు? మా ఇంటికే తాళం వేసుకోండి," అంది ఎడ్నా.

"ఇల్లు వేరు, స్టేడియం కింద వేరు," అన్నాడు కోచ్, ప్రాణం మీదికొచ్చినవాడిలా.

రైల్లో తీసుకెళ్లి, అక్కడి స్టేడియం మెట్ల కింద చీపుళ్లు పెట్టుకునే గదిలో కూర్చోబెట్టి తాళం వేశారు. గోడ పైభాగాన జానెడు కిటికీ. ఎడ్నా బకెట్టు బోర్లించి ఎక్కింది. ఎదురుగా గడ్డి. గడ్డి మీద కాళ్లు, మోకాళ్ల దాకా, అంతే. అది చాలు. ఎడమ మోకాలికి ఏటవాలు కుట్టు, లైల్! మేజోడుకి రెండు రంగుల దారం, కెప్టెన్! పంతొమ్మిదేళ్లుగా తను అతికి పంపినవన్నీ ఎక్కడికి పోతున్నాయో ఇన్నాళ్లకు కనిపించింది. కళ్లు తుడుచుకునేలోగా ఏం దాటిపోతుందోనని తుడుచుకోనేలేదు.

ఆఖరి నిమిషంలో ఏటవాలు కుట్టు ఆమెకేసే పరుగెత్తుకొచ్చింది. వెనక పది కాళ్లు. లైల్ గీత దాటి, బంతితో సహా కిటికీ ముందే బొక్కబోర్లా పడ్డాడు. ఇద్దరి ముఖాలూ ఎదురెదురయ్యాయి.

"అమ్మగారూ! మీరు చూస్తున్నారా?"

"లే నాయనా. గెలిచావు."

తిరుగు రైల్లో లైల్ విషయం బయటపెట్టాడు. పెట్టెలోని జట్టంతా ఆమె వైపు తిరిగింది.

"మొత్తం చూశారా?" కోచ్ ముఖం పాలిపోయింది.

"మొదటినుంచీ. మరి ఓడిపోయారా? ఇన్నాళ్లూ నన్ను ఉత్తపుణ్యానికి మూసిపెట్టారు కదా!"

ఎవరూ తలెత్తలేదు. లైల్ చెవులు ఎర్రబడ్డాయి. కోచ్ టోపీ చేతుల్లో తిప్పుతూ ఆమె వైపు వంగాడు.

"మొత్తం అంటే... మనుషుల్ని మొత్తంగానా?"

"లేదు బాబూ. మోకాళ్ల దాకా."

కోచ్ ముఖం వికసించింది. జట్టంతా ఆయన చుట్టూ చేరి గుసగుసలాడింది. రైలు ఇంటికి చేరేలోపు ఏకగ్రీవంగా తీర్మానం అయింది: వచ్చే ఏడు ముల్డూన్ అమ్మగారిని నడుము దాకా చూడనివ్వవచ్చు.